స్టోర్ రూంలోని కంప్యూటర్ గురించి మా సంఘం పాలకవర్గానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, పాలకవర్గ సభ్యులకు, మేనేజర్ గారికి,

నమస్కారం. పోయిన నెల మహాసభలో నేను వెనక వరుసలో కూర్చున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ తీర్మానం చదువుతుంటే ఒక పెద్దమనిషి లేచి, "ముందుగాల ఆ నీలి తెర డబ్బాను బయట పారేయుండ్రి, అది ఉన్నన్ని రోజులు మనకు తిప్పలే" అన్నాడు. సభ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాకపోతే కొంచెం ఆలస్యంగా. ఆ నీలి తెర వెనక, మన అప్పుల లెక్కలు చూసే ప్రోగ్రాం రాసింది నేనే. 1997 ఎండాకాలంలో, నల్లగొండ ప్రకాశం బజార్‌లో మేడ మీద ఒక గదిలో రాశాను.

సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. మన సభ్యులకు ఎలాగూ తెలుస్తుంది, మిగతావాళ్లకు అక్కర్లేదు. మరి బహిరంగంగా ఎందుకు రాస్తున్నానంటే ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు చిన్న చిన్న పొదుపు, పరపతి సంఘాల్లో నేను రాసినవో, నా దగ్గర నేర్చుకున్న పిల్లలు రాసినవో ఇలాంటి ప్రోగ్రాంలు ఇంకా నడుస్తున్నాయి. వాళ్లందరూ ఇవాళ కాకపోతే రేపు ఇదే తీర్మానం చేస్తారు.

కొత్త సాఫ్ట్‌వేర్ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. నిజానికి మీరు ఆలస్యం చేశారు. మన ప్రోగ్రాం, డాస్ అనే పాతకాలం కంప్యూటర్ వ్యవస్థ మీద నడిచే ఫాక్స్‌ప్రో 2.6 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఫాక్స్‌ప్రో తయారుచేసిన కంపెనీని మైక్రోసాఫ్ట్ 1992లో కొనేసింది. దాని చివరి వెర్షన్ 2004లో వచ్చింది. ఇక కొత్తది రాదని 2007లో చెప్పేశారు, 2015 జనవరితో సపోర్ట్ కూడా ఆపేశారు. డాస్ ప్రోగ్రాంలు 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవవు. 32 బిట్‌లో వచ్చిన ఆఖరి విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో గడువు ముగిసింది. మన స్టోర్ రూంలో ఉన్నది అలాంటి యంత్రమే. యూరియా బస్తాల పక్కన, దుమ్ములో, రెండుసార్లు పవర్ సప్లై మార్చుకుని ఇంకా బతికి ఉంది. దాని హార్డ్ డిస్క్ ఏ రోజు పోతుందో దేవుడికే తెలుసు.

కాబట్టి మారాల్సిందే. నేను అడుగుతున్నది ఒక్కటే. మార్చే ముందు పాత ప్రోగ్రాంలోంచి పనికొచ్చే లెక్కల ముక్కలను విడిభాగాల్లా విప్పి, తుడిచి, పరీక్షించి, సంఘం పేరు మీద దాచిపెట్టండి. అంతా పారేయొద్దు, అంతా మోసుకుపోవద్దు. ఈ రెండింటి మధ్య ఉన్న పని గురించే ఈ లేఖ.

పదిహేను రోజుల కింద కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీ పిల్లలు ఆఫీసులో కొత్త స్క్రీన్లు చూపించిన రోజు మీలో ముగ్గురు ఉన్నారు. మునుగోడు వైపు నుంచి ఒక సభ్యురాలు పంట అప్పు పని మీద వచ్చింది. ఆమెకు రెండు చోట్ల భూమి ఉంది, ఒక్కోచోట ఎకరం ముప్పై గుంటలు. కొత్త స్క్రీన్ మీద మొత్తం విస్తీర్ణం 2.60 అని వచ్చింది. మన రికార్డులో ఎకరం ముప్పై గుంటలను 1.30 అని రాస్తాం. వాళ్ల కంప్యూటర్ దాన్ని దశాంశం అనుకుని 1.30కి 1.30 కలిపింది. మన దగ్గర ఎకరానికి నలభై గుంటలు, కాబట్టి అసలు లెక్క మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఎకరానికి 40 వేల చొప్పున ఆమెకు 1,40,000 రావాలి, స్క్రీన్ 1,04,000 చూపించింది. ఆమె లెక్క కంప్యూటర్ కన్నా ముందే తేల్చేసింది. "నా ముప్పై ఆరు గుంటలు ఎవరు దున్నుకున్నరు సార్?" అని అడిగింది.

పిల్లల తప్పు కాదు. సెంట్ల లెక్క ఉన్నచోట వందకు ఒక ఎకరం, అక్కడ దశాంశం సరిపోతుంది. వాళ్లకు గుంట గురించి ఎవరూ చెప్పలేదు, మనం కూడా చెప్పలేదు. పైగా మన డేటాను వాళ్లు ఎక్సెల్‌లో పోసుకున్నారు. ఎక్సెల్ 1.30లోని చివరి సున్నాను మింగేసి 1.3 చేస్తుంది. ఇప్పుడది ఎకరం ముప్పయ్యా, ఎకరం మూడా? మనం మూడు గుంటలను 1.03 అని రాస్తామని తెలిసినవాళ్లకే తేడా తెలుస్తుంది. తెలియనివాళ్ల చేతిలో ఒకసారి పడితే ఆ ఫైల్‌లో ఏ అంకె ఏమిటో మళ్లీ పహాణీలు ముందేసుకుని చూడాల్సిందే.

పాత ప్రోగ్రాంలో ఈ లెక్కకు పదిహేడు లైన్ల చిన్న ముక్క ఉంది. ఎకరాలను నలభైతో గుణించి గుంటలు కలుపుతుంది, అన్నీ గుంటల్లోనే కూడుతుంది, చివర్లో మళ్లీ ఎకరాలు గుంటలుగా విడదీస్తుంది. ఎవరైనా పొరపాటున 1.45 కొడితే ఒప్పుకోదు. ఈ ముక్కకు స్క్రీన్‌తో పని లేదు, ప్రింటర్‌తో పని లేదు, ఇవాళ తేదీ ఎంతో తెలియక్కర్లేదు, ఏ ఫైలూ తెరవక్కర్లేదు. రెండు అంకెలు ఇస్తే ఒక అంకె తిరిగి ఇస్తుంది. విడిభాగం అంటే అదే. కొత్త సాఫ్ట్‌వేర్ ఏ భాషలో ఉన్నా ఒక పూటలో అందులోకి తెచ్చి పెట్టవచ్చు. మన సంఘానికే కాదు, గుంటల్లో లెక్క చూసుకునే ఎవరికైనా పనికొస్తుంది.

అన్నీ ఇంత తేలిగ్గా ఊడివస్తే నేను ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు వడ్డీ దగ్గరికి వస్తాను. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి.

వడ్డీ లెక్క ఒకచోట లేదు. రసీదు స్క్రీన్ మీద గడి గీసే లైన్‌లోనే కొంత ఉంది, నోటీసు ప్రింట్ చేసే చోట కొంత, సంవత్సరాంతం లెక్కల్లో ఇంకొంత. ఇరవై ఆరేళ్ల కుర్రాణ్ణి, రేపు పొద్దున్నే చూపించాలంటే రాత్రికి రాత్రి ఎక్కడ కుదిరితే అక్కడ అతికించాను. ఆ లెక్క ఏ అంకెల మీద ఆధారపడుతుందో కూడా పైకి కనిపించదు. ప్రోగ్రాం మొదట్లో తేదీని రోజు, నెల, సంవత్సరం వరసలో చదవమని ఒక లైన్ ఉంటుంది. అది లేకుండా వడ్డీ ముక్కను మాత్రమే పీక్కుపోతే ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అవుతుంది. మొక్కను మట్టి లేకుండా పీకినట్టే.

దీనికి తోడు మన వడ్డీని మనం చెప్పుకునే పద్ధతి వేరు. నూటికి రూపాయిన్నర అంటాం. నెలకు అని ఎవరూ అనరు, అందరికీ తెలుసు కాబట్టి. ఫైల్‌లో 1.50 అని ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి పేరు వార్షిక వడ్డీ శాతం. 50 వేల అప్పు మీద ఏడాదికి 9,000 రావాల్సిన చోట 750 వస్తుంది. సభ్యులు సంతోషిస్తారు, డిపాజిట్‌దారులు సంతోషించరు.

ఇక బీటీ సంగతి. ఇది వింటే మీకు నవ్వు రావచ్చు, కానీ ఈ లేఖలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 1997లో పంటలకు రెండక్షరాల కోడ్‌లు పెట్టాను. బత్తాయికి బీటీ. బత్తాయి తోట కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది కాబట్టి, మొదటి ఐదేళ్లు కిస్తు అడగొద్దని అప్పటి మహాసభ తీర్మానం. ప్రోగ్రాంలో కూడా అలాగే రాశాను, కోడ్ బీటీ అయితే ఐదేళ్లు కిస్తు లేదు. బాగానే నడిచింది. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఊళ్లలో ఎవరి నోట విన్నా బీటీయే. కౌంటర్ దగ్గర గుమస్తా కూడా పత్తి అప్పులకు బీటీ అని కొట్టుకుంటూ పోయాడు. పత్తి రైతులందరికీ ఐదేళ్ల గడువు దొరికింది!

తెలిసేసరికి వందల ఖాతాలు ఎక్కేశాయి. కోడ్ మార్చాలంటే పాత ఫైళ్లన్నీ మార్చాలి, సీజన్ నడుస్తోంది. అందుకని ఒక లైన్ అతికించాను. కోడ్ బీటీ అయి, అప్పు 2002 తర్వాతదై, జూన్ నుంచి ఆగస్టు మధ్య ఇచ్చినదైతే దాన్ని పత్తిగా లెక్కపెట్టు అని. పక్కన కామెంట్‌గా "సార్ చెప్పిండు" అని రాసుకున్నాను. ఏ సారో ఇప్పుడు నాకే గుర్తులేదు.

ఈ లైన్‌ను కొత్తగా చూసే ఏ ప్రోగ్రామరైనా ఏం చేస్తాడు? పంటకూ నెలకూ సంబంధమేమిటి, ఎవడో తెలివితక్కువగా రాశాడు అని తీసేస్తాడు. తీసేసిన రోజు పాత పత్తి బాకీలన్నీ బత్తాయి తోటలైపోతాయి. లేదా జాగ్రత్తపరుడైతే అర్థం కాకపోయినా అలాగే కొత్తదాంట్లోకి ఎక్కిస్తాడు. అప్పుడు జూలైలో నిజంగానే బత్తాయికి అప్పు తీసుకున్న రైతుకు మరుసటి ఏడాదే నోటీసు వెళుతుంది. రెండూ తప్పే. సరైన పని మూడోది. ఆ లైన్ ఎందుకు పుట్టిందో తెలుసుకుని, పాత ఖాతాల్లో కోడ్‌లు ఒకసారి సరిచేసి, ఐదేళ్ల గడువు అన్న అసలు నియమాన్ని శుభ్రంగా బయటికి తీయాలి.

ఒక డైరెక్టర్ గారు ఫోన్‌లో, "ఇప్పుడు ఏఐ ఉంది కదా, పాత కోడ్ పెడితే కొత్త భాషలో రాసి ఇస్తుందట" అన్నారు. ఇస్తుంది. నేను కూడా పెట్టి చూశాను. బీటీ లైన్‌ను చక్కగా, తప్పుల్లేకుండా కొత్త భాషలోకి మార్చింది. అది ఎందుకుందో మాత్రం దానికెలా తెలుస్తుంది? ఆ సంగతి 2003 మినిట్స్ పుస్తకంలో ఉంది, అది అట్ట ఊడిపోయి మీ బీరువాలో ఉంది.

బీటీతో నా కథ అక్కడితో అయిపోలేదు. మహబూబ్‌నగర్ వైపు ఇంకో సంఘం వాళ్లు మాకూ ఇదే ప్రోగ్రాం కావాలన్నారు. మళ్లీ ఎందుకు రాయాలి, వడ్డీ లెక్క ఎక్కడైనా వడ్డీ లెక్కే కదా అనుకుని, ఆ ఫైల్‌ను ఫ్లాపీలో వేసుకెళ్లి అతికించి వచ్చాను. వాళ్ల దగ్గర బత్తాయి లేదు. వాళ్ల కోడ్‌ల పట్టికలో బీటీ అంటే బోరు, ట్యూబ్‌వెల్. ఎండాకాలంలో ఇచ్చిన బోరు అప్పులన్నిటికీ నా ప్రోగ్రాం బత్తాయి గడువు ఇచ్చేసింది. రెండేళ్లు ఒక్క నోటీసూ ప్రింట్ కాలేదు. నోటీసు రాలేదు కాబట్టి ఎవరూ కట్టలేదు. ఆడిట్‌లో బయటపడ్డప్పుడు వాళ్ల సెక్రటరీ నాకు ఫోన్ చేసి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అది ఇంకా బాధ. ఆయన స్కూటర్ వెనక కూర్చుని ఊరూరా తిరిగి రైతులకు లెక్క చెప్పాను. అందులో కొందరి బోర్లు అప్పటికే ఎండిపోయాయి.

అది జరిగిన చాలా రోజులకు ఏరియాన్ రాకెట్ గురించి చదివాను. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 మొదటిసారి ఎగిరి, నలభై సెకన్లైనా కాకముందే పేలిపోయింది. కారణం, ఏరియాన్ 4లో ఎన్నో ఏళ్లు చక్కగా పనిచేసిన సాఫ్ట్‌వేర్ ముక్కను దీంట్లో అలాగే పెట్టారు. పాత రాకెట్‌లో అడ్డంగా సాగే వేగం ఒక హద్దు దాటదు. కొత్తది ఇంకా వేగంగా పోయింది. ఆ అంకెను 16 బిట్ల గడిలో పెట్టబోతే పట్టలేదు, 32,767 దాటితే ఆ గడి చాలదు. లెక్క ఆగిపోయింది. తోడుగా పెట్టిన రెండో కంప్యూటర్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదీ ఆగిపోయింది. అన్నిటికన్నా విచిత్రం, రాకెట్ నేల విడిచాక ఆ లెక్కతో ఏరియాన్ 5కి పనే లేదు. పాతదాంట్లో ఉంది కాబట్టి ఉంచారు.

అంత పెద్దవాళ్లకే జరిగింది అని ఊరట పడడానికి చెప్పడం లేదు. ఆ ముక్కలో తప్పు లేదు, నా బీటీ లైన్ కూడా మన సంఘం వరకు పని నడిపించింది. అది ఏ నేల మీద నిజమో పక్కన రాసి పెట్టకపోవడమే తప్పు. అందుకే విప్పిన ప్రతి ముక్కతో పాటు ఒక కాగితం ఉండాలంటున్నాను. ఇది ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది, ఏ హద్దుల మధ్య నమ్మవచ్చు, ఏ తీర్మానం వల్ల పుట్టింది, ఇంతే. ఒక్క పేజీ చాలు.

సాఫ్ట్‌వేర్‌ను కూడా విడిభాగాల దుకాణంలోలా ఏరుకుని వాడుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సమావేశంలోనే డగ్లస్ మెకిల్‌రాయ్ అనే ప్రోగ్రామర్ దీని గురించి మాట్లాడాడు. అయితే దుకాణంలో బోల్టు కొనడం వేరు, ముప్పై ఏళ్లు నడిచిన ట్రాక్టర్ నుంచి బోల్టు ఊడదీయడం వేరు. తుప్పు ఉంటుంది, ఎవడో మధ్యలో వెల్డింగ్ పెట్టి ఉంటాడు.

ఊడదీసే పద్ధతి గురించి రెండు ముక్కలు చెబుతాను, కంపెనీ వాళ్లు మిమ్మల్ని అడిగితే పనికొస్తుంది. రసీదు మీద పడే వడ్డీ అంకెను పట్టుకుని వెనక్కి నడవాలి. ఈ అంకె ఏ లైన్ వల్ల వచ్చింది, ఆ లైన్‌కు అంకెలు ఏ లైన్లు ఇచ్చాయి, అలా మొదటిదాకా. ఆ దారిలో తగిలిన లైన్లు మాత్రమే వడ్డీవి, మిగతావి గడులు గీసేవి, బీప్ కొట్టేవి. మార్క్ వైజర్ అనే ఆయన 1981లోనే దీనికి ముక్క కోయడం అనే అర్థంలో ఒక పేరు పెట్టాడు. ఈ మధ్య నేను కూడా ప్రింటవుట్ మీద ఎర్ర పెన్సిల్‌తో కొంత చేశాను. పదకొండు వేల లైన్లలో వడ్డీకి నిజంగా సంబంధించినవి మూడు వందల నలభై దాకా తేలాయి. తర్వాత వాటిని ముందు పాత ప్రోగ్రాంలోనే ఒకచోటికి చేర్చాలి. ఒక పేరు పెట్టి, కావలసిన అంకెలన్నీ, ఇవాళ్టి తేదీతో సహా, బయటినుంచే ఇచ్చేటట్టు మార్చాలి. పాతది పాతచోటే సరిగ్గా నడుస్తోందని చూసుకున్నాకే కొత్త ఇంటికి తీసుకెళ్లాలి.

అలంపూర్ వెళ్లినవాళ్లకు కూడవెల్లి సంగమేశ్వరాలయం తెలిసే ఉంటుంది. అది మొదట అలంపూర్‌లో లేదు, కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ పేర్చారు. నీళ్లు వచ్చాక వెళ్లి విప్పుదామనుకుంటే కుదిరేది కాదు. గుడిని తెచ్చారు, ఊళ్లో ఉన్న పాత పశువుల కొట్టాలనూ మొక్కజొన్న కంకుల మంచెలనూ తేలేదు. మన నీళ్లు కూడా గుమ్మం దాకా వచ్చాయి.

విప్పిన రాయి సరిగ్గా కూర్చుందని ఎలా తెలుస్తుంది? పాత ప్రోగ్రామే సాక్షి. సంఘం ఖాతాల్లోంచి ఒక రెండు వందలు ఏరుదాం. మామూలువి కొన్ని, తిక్కవి ఎక్కువ. లీపు సంవత్సరం ఫిబ్రవరి 29న కట్టినవి, గడువు ఒక్క రోజు దాటినవి, సగం కిస్తు కట్టి ఆగినవి, సభ్యుడు చనిపోయి కొడుకు పేరుకు మారినవి, బీటీలు. ఒక్కోదానికి పాత ప్రోగ్రాం ఇచ్చే జవాబును పైసలతో సహా రాసుకుందాం. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్రోగ్రాం ఏం చెప్పాలో కాదు, ఏం చెబుతోందో రాసుకోవాలి. కొత్త ముక్క కూడా అదే చెప్పాలి. ఎక్కడ తేడా వస్తే అక్కడ కూర్చుని రెండింటిలో ఏది తప్పో తేల్చాలి. కొన్నిచోట్ల పాతదే తప్పని తేలుతుంది, నాకు తెలుసు. అప్పుడు సరిచేయాలా వద్దా అన్నది ప్రోగ్రామర్ నిర్ణయం కాదు, మీది. సభ్యుల డబ్బు కదా. పాత యంత్రం చచ్చిపోతే ఈ సాక్షి ఉండదు. అందుకే హార్డ్ డిస్క్‌ను వెంటనే రెండు నకళ్లు తీయమంటున్నాను. డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మన ప్రోగ్రాం కొత్త ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, నేను నడిపి చూశాను. రోజువారీ పనికి కాదు, సాక్ష్యానికి.

ఇంకా తీయదగినవి రెండు ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. ఒకటి పేర్ల పోలిక. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో మన గుమస్తాలు నాలుగైదు రకాలుగా కొట్టారు, మధ్యలో కెఎస్‌హెచ్ పెట్టి ఒకరు, ఎక్స్ పెట్టి ఇంకొకరు. నర్సింహ, నరసింహ, నర్సిములు సంగతి చెప్పక్కర్లేదు. ఒకే మనిషికి రెండు సభ్యత్వాలు రాకుండా ఏళ్ల తరబడి ఒక్కొక్కటే చేర్చిన పట్టిక ఉంది. అలాంటిది హైదరాబాద్‌లో కూర్చుని ఎవరూ తయారు చేయలేరు. రెండోది తెలుగు అక్షరాలు. సభ్యుల పేర్లు అప్పట్లో సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ వాళ్ల జిస్ట్ కార్డు (కంప్యూటర్‌లో మన భాషల కోసం బిగించేది) పెట్టి తెలుగులో కొట్టించాం. ఆ అక్షరాలు 1991 నాటి ఇస్కీ అనే, భారతీయ భాషల అక్షరాల కోడ్ ప్రమాణంలో ఉన్నాయి. ఇప్పటి కంప్యూటర్లలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, అందుకే కంపెనీ వాళ్లు తెలుగు డేటా పాడైందని రాశారు. పాడవలేదు. ఇప్పటి కంప్యూటర్లు వాడే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు వరస కూడా ఇస్కీని చూసే పెట్టారు కాబట్టి ఒక పేజీ పట్టికతో దాదాపు అంతా మారిపోతుంది. ఆ పట్టిక నా దగ్గర ఉంది, తీసుకోండి.

డేటా తీసుకునేటప్పుడు ఇంకో ప్రమాదం. ఈ రకం ఫైళ్లలో ఒక ఖాతాను తీసేస్తే అది నిజంగా పోదు. వరస మొదట్లో ఒక నక్షత్రం గుర్తు (*) పడుతుంది, అంతే. మా ప్రోగ్రాం ఆ గుర్తున్న వాటిని చూడనట్టు దాటిపోతుంది. బయటినుంచి ఫైల్‌ను నేరుగా చదివే కొన్ని పనిముట్లు ఆ గుర్తును పట్టించుకోవు. అప్పుడు బాకీ తీర్చి సభ్యత్వం వదిలేసినవాళ్లూ, కాలం చేసినవాళ్లూ మళ్లీ బాకీదారులై లేచి కూర్చుంటారు. వాళ్ల ఇళ్లకు నోటీసులు వెళితే ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

వదిలేయాల్సినవి చాలా ఉన్నాయి. స్క్రీన్లు, మెనూలు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తో మాట్లాడే రహస్య కోడ్‌లు, నా పాస్‌వర్డ్ పద్ధతి (అది పద్ధతే కాదు, ఊరందరికీ తెలుసు). 1999 డిసెంబర్‌లో రెండంకెల సంవత్సరాల కోసం పెట్టిన అతుకు కూడా. 40 కన్నా చిన్న అంకె అయితే దాని ముందు 20, లేకపోతే 19 పెట్టుకోమని రాశాను. 2040 నా రిటైర్మెంట్ తర్వాత కదా అనుకున్నాను. ఇరవై ఏళ్ల గడువుతో ఇళ్ల అప్పులు ఇస్తారని ఎవరనుకున్నారు? దాన్ని మాత్రం దయచేసి పాతిపెట్టండి.

ఇప్పుడు ఒప్పందం గురించి. కంపెనీతో రాసుకునే కాగితంలో ఒక వాక్యం చేర్చండి. పాత ప్రోగ్రాం నుంచి తీసిన లెక్కల భాగాలు, వాటి సోర్స్ కోడ్, వాటి పరీక్షలు సంఘం ఆస్తి అని. ఇది ఎందుకంటే, మనది 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సొంత డబ్బుతో నడిచే సంఘం. మన వడ్డీ నియమాలు ప్రభుత్వ జీవోల్లో ఉండవు, బ్యాంకుల సర్క్యులర్లలో ఉండవు. మహాసభల్లో చేతులెత్తి చేసుకున్నవి. అవి మినిట్స్ పుస్తకాల్లో సగం, ఈ ప్రోగ్రాంలో సగం ఉన్నాయి. పుస్తకాలకు చెదలు పట్టింది. ప్రోగ్రాంలో సగాన్ని ఇంకొకరి చేతిలో పెడితే, ఐదేళ్ల తర్వాత కంపెనీ మార్చాలనుకున్నప్పుడు మన నియమాలను మనమే కొనుక్కోవాల్సి వస్తుంది. భాగాలు మన పేరు మీద ఉంటే పక్క సంఘాలకు కూడా ఇవ్వవచ్చు. కాకపోతే బీటీ కాగితం చూపించాకే ఇవ్వాలి.

దీనికి సుమారు మూడు నెలలు పడుతుంది. కొత్తది మొదలయ్యే తేదీని ఉగాదికి బదులు వానాకాలం అప్పులు అయిపోయాక పెట్టుకుంటే సరిపోతుంది. ఎలాగూ జూన్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం అంటే నాట్ల రోజున ఎడ్లను అమ్ముకోవడమే.

పాత ప్రోగ్రామర్‌కు కడుపుమంట అని కొందరు అనుకుంటారు, అనుకోనివ్వండి. కొంత నిజమే కావచ్చు. ఇరవై ఎనిమిదేళ్లు నడిచిన పనిని డబ్బా అంటే ఎవరికైనా చురుక్కుమంటుంది. కానీ ఈ పనికి నాకు ఫీజు వద్దు. కంపెనీ నుంచి ఒక కుర్రాణ్ణి, సంఘం నుంచి లెక్కలు తెలిసిన ఒక మనిషిని నాతో కూర్చోబెట్టండి. 2003లో కౌంటర్ మీద ఉన్న గుమస్తా గారు ఇప్పుడు నకిరేకల్‌లో ఉంటున్నారు. ఆయనకు నేనే ఫోన్ చేశాను, వస్తానన్నారు. ఆ "సార్" ఎవరో ఆయనకు గుర్తుందట.

వచ్చే సోమవారం పదింటికి నేను ఆఫీసుకు వస్తాను. రెండు ఖాళీ హార్డ్ డిస్క్‌లు తెస్తున్నాను. స్టోర్ రూం తాళంచెవి అటెండర్ దగ్గర ఉంచండి, మినిట్స్ పుస్తకాల బీరువాది కూడా. అప్పటిదాకా ఆ కంప్యూటర్‌ను ఎవరూ ఆఫ్ చేయకుండా చూడండి. ఒకసారి ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఇట్లు,
మీ పాత ప్రోగ్రామరు, సంఘం సభ్యుడు
నల్లగొండ